కొండల్లో వాన.. కింద ఊళ్లకు వరద: నల్లగొండ, పాలమూరులో ముప్పు ఎక్కడ? ఏం చేయాలి?

పాలమూరు అంటే కరువు, వలసలు. నల్లగొండ అంటే ఫ్లోరైడ్, బోరుబావులు. ఈ రెండు ఉమ్మడి జిల్లాల పేరు చెప్పగానే ఎవరికైనా ముందు గుర్తొచ్చేవి ఇవే. వరద అనే మాట అసలు గుర్తుకే రాదు. కానీ రికార్డులు చూస్తే కథ వేరేలా ఉంది. వాగు పొంగి వంతెన దెబ్బతిని, దాని మీదికొచ్చిన రైలు పడిపోయిన ఘోర ప్రమాదాలు ఈ రెండు జిల్లాల్లోనూ జరిగాయి. ఒకటి 1956లో, ఇంకొకటి 2005లో. ఒక్కోదాంట్లో వంద మందికి పైగా చనిపోయారు.

ఏడాదంతా ఎండి ఉండే వాగు ఒక్క రాత్రిలో మనిషిని మింగేంతగా ఎలా మారుతుంది? నల్లమల, రాచకొండ, అనంతగిరి లాంటి గుట్టల్లో పడ్డ వాన కింద ఊళ్ల మీదికి ఎలా వస్తుంది? ఏ నెలల్లో జాగ్రత్తగా ఉండాలి? పూర్తి వివరాలు ఇవీ.

ముఖ్యాంశాలు

• ఇక్కడి పెద్ద వరదల్లో ఎక్కువ భాగం వచ్చింది జూన్, జూలైలో కాదు. సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో.
• మన ఊళ్లో వాన లేకపోయినా వాగు పొంగొచ్చు. పైన గుట్టల్లో పడితే చాలు.
• గొలుసుకట్టు చెరువుల్లో ఒక కట్ట తెగితే కింద ఉన్నవాటికీ ముప్పే.
• వాగు దాటే చోట, కల్వర్టుల దగ్గర, లో లెవెల్ వంతెనల మీద ప్రాణాలకు ప్రమాదం ఎక్కువ.

అసలు ఈ నేల ఎలాంటిది?

ఉమ్మడి మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాలు దక్కన్ పీఠభూమిలో భాగం. ఇక్కడ ఎక్కువగా కనిపించేవి గ్రానైట్ బండ గుట్టలు. దేవరకొండ, భువనగిరి, రాచకొండ.. ఎక్కడ చూసినా నున్నటి బండలే. బండ మీద పడ్డ నీటిబొట్టు ఇంకదు, జారిపోతుంది. గుట్ట కింద ఉండేవి ఎర్ర చెల్కలు. చాలా చోట్ల మట్టి లోతు తక్కువ, కొంచెం తవ్వితే రాయి తగులుతుంది. రెండు మూడు రోజులు ముసురు పట్టిందంటే ఆ మట్టి తడిసి ముద్దయిపోతుంది. ఆ తర్వాత పడే వాన అంతా వాగులోకే.

దక్షిణాన నల్లమల మరో రకం. అమ్రాబాద్ పీఠభూమి మీద అడవి ఉంది కాబట్టి కొంత నీరు ఇంకుతుంది. కానీ అంచుల దగ్గర లోయలు బాగా నిటారుగా ఉంటాయి. మల్లెలతీర్థం, సలేశ్వరం లాంటి చోట్ల నీళ్లు ఎంత ఎత్తు నుంచి దూకుతాయో వెళ్లినవాళ్లకు తెలుసు. పైన కుండపోత పడితే ఇలాంటి ఇరుకు లోయల్లో నీటిమట్టం నిమిషాల్లో పెరుగుతుంది.

ఇంత లెక్క ఉందా?

ఒక చదరపు కిలోమీటరు మీద ఒక సెంటీమీటరు వాన పడితే ఆ నీళ్లు కోటి లీటర్లు. 5 వేల లీటర్ల ట్యాంకర్లతో కొలిస్తే 2 వేల ట్యాంకర్లు. అదే చోట 10 సెంటీమీటర్లు పడితే 20 వేల ట్యాంకర్లు.

ఇప్పుడు ఒక మామూలు వాగును తీసుకుందాం. దాని పరీవాహక ప్రాంతం 140 చదరపు కిలోమీటర్లు అనుకోండి. అక్కడ 20 సెంటీమీటర్ల వాన పడితే మొత్తం దాదాపు 1 టీఎంసీ నీళ్లు. అందులో సగం ఇంకిపోయి, మిగతా సగం ఆరు గంటల్లో వాగులోంచి పోయిందనుకున్నా సగటు ప్రవాహం 23 వేల క్యూసెక్కులు. మొన్నటి దాకా ఇసుక తప్ప చుక్క నీరు కనిపించని వాగు అది! ఊరి రోడ్డు మీద వేసిన నాలుగు తూముల కల్వర్టుకు అంత నీటిని పంపే సత్తా ఉండదు. నీళ్లు రోడ్డు మీది నుంచి పోతాయి, లేదంటే రోడ్డునే కోసుకుంటూ పోతాయి.

దీన్నే వాతావరణ శాఖ ఫ్లాష్ ఫ్లడ్ అంటుంది. వాన మొదలైన ఆరు గంటల్లోపే వచ్చే మెరుపు వరద. కృష్ణా లాంటి పెద్ద నదిలో వరద వస్తే ఒకటి రెండు రోజుల ముందు చెప్పొచ్చు. వాగు విషయంలో చేతిలో ఉండేది గంటలే.

ముప్పు నాలుగు రకాలు

1. గుట్టల వాగులు

డిండి, దుందుభి, చంద్రవాగు, హాలియా వాగు.. ఇవన్నీ కృష్ణా వైపు పోయేవే. దుందుభి నీళ్లు డిండిలో కలుస్తాయి. నల్లగొండ జిల్లా గుండ్లపల్లి దగ్గర డిండి ప్రాజెక్టు ఉంది. 1940ల్లో నిజాం హయాంలో కట్టింది. సామర్థ్యం 2.4 టీఎంసీల చుట్టూ. చాలా ఏళ్లు ఇది నిండక రైతులు ఎదురుచూసేవాళ్లు. నిండిన ఏడాది అలుగు చూడటానికి జనం బండ్లు కట్టుకుని పోతారు. కానీ ఒకేసారి భారీగా నీళ్లొస్తే పరిస్థితి మారిపోతుంది.

2025 అక్టోబర్ చివర్లో అదే జరిగింది. మొంథా తుపాను ఆంధ్రా తీరం దాటాక తెలంగాణ మీదికి వచ్చి కుండపోత కురిపించింది. డిండి ఉధృతికి లత్తీపూర్ దగ్గర హైదరాబాద్–శ్రీశైలం హైవే కోతకు గురై రాకపోకలు ఆగిపోయాయి. దేవరకొండ మండలం కొమ్మేపల్లిలో గిరిజన గురుకుల పాఠశాలను వరద చుట్టుముట్టింది. వందల మంది పిల్లలను పోలీసులు, అధికారులు బయటికి తెచ్చారు. తుపాను తీరం దాటింది వందల కిలోమీటర్ల దూరంలో. దెబ్బ తగిలింది మాత్రం దేవరకొండ గుట్టల దగ్గర.

2. చెరువు కట్టలు

మన పూర్వీకులు చెరువులను విడివిడిగా కట్టలేదు. పై చెరువు అలుగు పోస్తే ఆ నీళ్లు కింది చెరువుకు, అక్కడి నుంచి ఇంకో కుంటకు. వీటినే గొలుసుకట్టు చెరువులు అంటాం. కరువు నేలలో ప్రతి చుక్కనూ పట్టి ఉంచడానికి ఇంతకన్నా మంచి పద్ధతి లేదు. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో పూడిక తీసి బాగు చేసింది ఈ చెరువులనే.

అయితే గొలుసుకు ఒక బలహీనత ఉంది. పైన ఒక కట్ట తెగితే గంటల తరబడి పోవాల్సిన నీళ్లు నిమిషాల్లో కిందికి వస్తాయి. కింది చెరువు అప్పటికే నిండి ఉంటే దాని కట్టా ఆగదు.

2005 అక్టోబర్ 29 తెల్లవారుజామున వలిగొండ దగ్గర జరిగింది ఇదే. అది అప్పట్లో నల్లగొండ జిల్లా, ఇప్పుడు యాదాద్రి భువనగిరి. భారీ వర్షాలకు ఎగువన చెరువు కట్ట తెగింది. ఆ నీటి దెబ్బకు రామన్నపేట, వలిగొండ మధ్య ఉన్న ఒక చిన్న రైలు వంతెన కొట్టుకుపోయింది. రేపల్లె నుంచి సికింద్రాబాద్ వస్తున్న డెల్టా ప్యాసింజర్ ఆ చీకట్లో అక్కడికి చేరింది. బోగీలు నీళ్లలో పడ్డాయి. 110 మందికి పైగా చనిపోయారు. అది పెద్ద నది మీది వంతెన కాదు. పేరు కూడా ఎవరికీ తెలియని చిన్న వంతెన.

దానికి దాదాపు 50 ఏళ్ల ముందు, 1956 సెప్టెంబర్ 2న జడ్చర్ల, మహబూబ్‌నగర్ మధ్య కూడా వంతెన కూలి రైలు పడిపోయింది. అప్పుడూ మృతులు వంద మందికి పైనే. అప్పటి రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి నైతిక బాధ్యత తీసుకుని రాజీనామా ఇస్తానన్నారు. ప్రధాని నెహ్రూ ఒప్పుకోలేదు. అదే ఏడాది నవంబర్‌లో తమిళనాడులోని అరియలూర్ దగ్గర మరో ఘోర ప్రమాదం జరిగాక శాస్త్రి రాజీనామా చేశారు. దేశమంతా ఇప్పటికీ ఉదాహరణగా చెప్పుకునే ఆ రాజీనామా కథ మొదలైంది పాలమూరులోనే అన్నమాట.

కట్ట తెగడానికి వానే పడాలని కూడా లేదు. వనపర్తి జిల్లాలోని సరళాసాగర్ 1959లో పూర్తయిన ప్రాజెక్టు. నీళ్లు నిండగానే వాటంతట అవే తెరుచుకునే సైఫన్లకు పేరు పొందింది. చాలా ఏళ్ల తర్వాత కాలువ నీళ్లతో నిండిన ఈ ప్రాజెక్టు కట్ట 2019 డిసెంబర్ 31న తెగిపోయింది. అది వానాకాలం కానే కాదు. ఏళ్ల తరబడి ఎండిన పాత కట్ట ఒక్కసారి నీటి బరువు మోయాల్సి వస్తే ఏమవుతుందో ఇది చెబుతుంది.

3. పెద్ద నదులు

కృష్ణా, తుంగభద్ర, మూసీ. వీటి వరద పుట్టేది ఎక్కడో, తగిలేది ఇక్కడ. 2009 అక్టోబర్ మొదటి వారంలో కర్ణాటకలో, రాయలసీమలో కురిసిన వానలకు శ్రీశైలం ప్రాజెక్టుకు దాదాపు 25 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. పూర్తి నీటిమట్టం 885 అడుగులైతే, నీళ్లు 896 అడుగులు దాటాయి. ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో అలంపూర్ మునిగింది. తుంగభద్ర, కృష్ణా ఒడ్డు ఊళ్లు ఖాళీ అయ్యాయి. అవతలి ఒడ్డున కర్నూలు నగరం నీళ్లలో ఉండిపోయింది.

మూసీ పుట్టేది వికారాబాద్ దగ్గర అనంతగిరి గుట్టల్లో. 1908 సెప్టెంబర్ 28న హైదరాబాద్‌ను ముంచి వేల మందిని పొట్టన పెట్టుకుంది ఈ నదే. ఆ తర్వాతే విశ్వేశ్వరయ్య సలహాతో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. ఇప్పుడు ఆ జంట జలాశయాల గేట్లు ఎత్తితే నీళ్లు హైదరాబాద్ దాటి భూదాన్ పోచంపల్లి, వలిగొండ మీదుగా మూసీ ప్రాజెక్టుకు, చివరికి వాడపల్లి దగ్గర కృష్ణాలోకి పోతాయి. మధ్యలో జూలూరు–రుద్రవెల్లి, సంగెం భీమలింగం లాంటి లో లెవెల్ వంతెనలు ముందు మునుగుతాయి. అంటే గేట్లు ఎత్తిన వార్త హైదరాబాద్ వాళ్లకే కాదు, వలిగొండ వాళ్లకూ అలర్టే.

4. రోడ్లు, అండర్‌పాస్‌లు, కాలనీలు

2022 జూలై 8న మహబూబ్‌నగర్ దగ్గర మాచన్‌పల్లి, కోడూరు మధ్య రైల్వే అండర్‌పాస్ నీళ్లలో ఒక స్కూల్ బస్సు ఇరుక్కుంది. సుమారు 30 మంది పిల్లలు అందులో ఉన్నారు. స్థానికులు వెంటనే చూసి అందరినీ బయటికి తీశారు. ఇంకొంచెం ఆలస్యమైతే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు.

కల్వకుర్తి మండలం రఘుపతిపేట దగ్గర దుందుభి పొంగితే అటూ ఇటూ రాకపోకలు బంద్. మహబూబ్‌నగర్ పట్టణంలో పెద్దచెరువు నిండితే రామయ్యబౌలి, బీకేరెడ్డి కాలనీ లాంటి లోతట్టు ప్రాంతాల్లోకి నీళ్లు. ఉమ్మడి నల్లగొండ తూర్పు వైపు, 2024 సెప్టెంబర్ 1న కోదాడ మునిగింది. అదే వానలకు నడిగూడెం మండలంలో సాగర్ ఎడమ కాలువకు గండి పడి పొలాలు కొట్టుకుపోయాయి.

సెప్టెంబర్, అక్టోబర్‌లోనే ఎందుకు?

పైన చెప్పిన తేదీలు మళ్లీ ఒకసారి చూడండి. 1908 సెప్టెంబర్ 28. 1956 సెప్టెంబర్ 2. 2005 అక్టోబర్ 29. 2009 అక్టోబర్ మొదటి వారం. 2024 సెప్టెంబర్ 1. 2025 అక్టోబర్ చివరి వారం. అన్నీ సీజన్ చివర్లోనే.

కారణాలు మూడు. ఒకటి, అప్పటికి నేల తడిసి ఉంటుంది, కొత్త నీళ్లు ఇంకవు. రెండు, చెరువులు, ప్రాజెక్టులు నిండుకుండల్లా ఉంటాయి. జూన్‌లో 15 సెంటీమీటర్ల వాన పడితే ఖాళీ చెరువులు తాగేస్తాయి. అదే వాన అక్టోబర్‌లో పడితే నేరుగా అలుగు మీది నుంచి కిందికే. మూడు, బంగాళాఖాతంలో వాయుగుండాలు, తుపాన్లు వచ్చే కాలం అది. తీరం దాటాక గాలి తగ్గుతుంది కానీ వాన తగ్గదు.

ఇంకో మాట. వానాకాలం అయిపోయింది అని జనం, అధికారులు కూడా కొంచెం తేలిగ్గా తీసుకునేది ఈ రోజుల్లోనే. వరి కోతలు, పత్తి ఏరడం, పండగ ప్రయాణాలు.. రోడ్ల మీద, పొలాల్లో జనం ఎక్కువగా ఉండేదీ ఇప్పుడే.

అలర్ట్ వచ్చింది.. దానర్థం ఏంటి?

వాతావరణ శాఖ లెక్క ప్రకారం 24 గంటల్లో:

• 64.5 నుంచి 115.5 మిల్లీమీటర్లు పడితే భారీ వర్షం
• 115.6 నుంచి 204.4 మిల్లీమీటర్లు పడితే అతి భారీ వర్షం
• 204.4 మిల్లీమీటర్లు దాటితే అత్యంత భారీ వర్షం

రంగుల సంగతి:

• ఎల్లో: గమనిస్తూ ఉండండి
• ఆరెంజ్: సిద్ధంగా ఉండండి
• రెడ్: ఇక చూస్తూ కూర్చోవద్దు, చర్యలు తీసుకోండి

ఉమ్మడి మహబూబ్‌నగర్‌లో చాలా చోట్ల ఏడాది మొత్తం పడేది 60, 70 సెంటీమీటర్లే. అలాంటి చోట ఒక్క రోజులో 20 సెంటీమీటర్లు అంటే ఏడాది వానలో మూడో వంతు దాకా ఒకే రోజు పడ్డట్టు. కోస్తాలో, కేరళలో 20 సెంటీమీటర్లు పడటం, ఇక్కడ పడటం ఒకటి కాదు. ఇక్కడి కల్వర్టులు, కాలువలు అంత నీటికి అలవాటు పడలేదు.

జిల్లాకు రెడ్ అలర్ట్ ఇచ్చినా అన్ని మండలాల్లో ఒకేలా పడదు. అందుకే మన ఊరి వానతో పాటు, మన వాగు పుట్టే చోట ఎంత పడిందో తెలుసుకోవడం ముఖ్యం. దేవరకొండ వాళ్లు అచ్చంపేట, కల్వకుర్తి వైపు వాన చూడాలి. వలిగొండ వాళ్లు హైదరాబాద్, వికారాబాద్ వాన చూడాలి. అలంపూర్ వాళ్లు కర్ణాటక ప్రాజెక్టుల గేట్లు చూడాలి.

చెరువు కట్ట తెగబోతోందని ఎలా గుర్తించాలి?

గతంలో ఊళ్లో నీరడి ఉండేవాడు. వాన పడితే రాత్రి కూడా కట్ట మీద తిరిగి చూసేవాడు. ఇప్పుడు ఆ కన్ను చాలా ఊళ్లలో లేదు. కాబట్టి ఆయకట్టు రైతులే ఇవి గమనించాలి:

• కట్ట కింద ఊట నీళ్లు తేటగా వస్తే మామూలే. బురద రంగులో వస్తే మాత్రం లోపల మట్టి కొట్టుకుపోతోందని అర్థం. దీన్నే బుంగ పడటం అంటారు. కట్ట తెగడానికి ముందు కనిపించే పెద్ద గుర్తు ఇదే.
• కట్ట మీద పొడుగు పగుళ్లు, ఒక పక్క మట్టి కుంగడం.
• తూము చుట్టూ నీళ్లు సుడి తిరగడం.
• అలుగుకు చెట్లు, చెత్త, చేపల వలలు అడ్డం పడటం.
• నీళ్లు ఎక్కువ నిలవాలని అలుగు మీద ఇసుక బస్తాలు పెట్టడం. ఇది చాలా ఊళ్లలో జరిగే పనే. కానీ అలుగు పోయాల్సిన నీళ్లు అప్పుడు కట్ట మీది నుంచి పోతాయి. మట్టి కట్ట మీది నుంచి నీళ్లు పారడం మొదలైతే ఇక ఆపడం కష్టం.

వీటిలో ఏది కనిపించినా ఇరిగేషన్ ఏఈకి, తహసీల్దార్‌కు, పోలీసులకు వెంటనే చెప్పాలి. కింది ఊరి వాళ్లకూ ఫోన్ చేయాలి. మన కట్ట తెగితే నీళ్లు పోయేది వాళ్ల ఇళ్ల మీదికే.

ఎవరు ఏం చేయాలి?

బండ్లు నడిపేవాళ్లు: రోడ్డు మీద పారే నీళ్లు పాదం మునిగేంత లోతు ఉన్నా వేగం ఉంటే మనిషిని పడేస్తాయి. అడుగు లోతుకు చిన్న కారు తేలిపోతుంది. రెండు అడుగులకు పెద్ద బండ్లు కూడా కొట్టుకుపోతాయి. నీటి వేగం రెట్టింపైతే తోసే బలం నాలుగు రెట్లు అవుతుంది. పైగా కింద రోడ్డు ఉందో, కోసుకుపోయిందో బురద నీళ్లలో కనిపించదు. ముందు బస్సు దాటింది కదా అని బైక్ దించొద్దు. చుట్టూ తిరిగి పోయినా గంట ఆలస్యం అవుతుంది, అంతే.

రైతులు: వాగు ఒడ్డున మోటార్లు, స్టార్టర్లు తెచ్చుకోవడానికి వరదలోకి దిగొద్దు. అలర్ట్ వచ్చిన రోజే పైకి తెచ్చి పెట్టుకోవాలి. తడిసిన స్టార్టర్ బాక్సును ముట్టుకోవద్దు.

గొర్ల కాపరులు: రాత్రి మందను వాగు ఇసుకలో, వాగు మధ్య దిబ్బ మీద ఆపొద్దు. నీళ్లు వస్తే రెండు వైపులా దారి మూసుకుపోతుంది.

నల్లమలకు వెళ్లేవాళ్లు: వాన పడుతుంటే జలపాతాల కింది గుండంలో దిగొద్దు. నీళ్లు ఒక్కసారిగా ఎర్రగా మారినా, ఆకులు, కొమ్మలు కొట్టుకొస్తున్నా, పైనుంచి హోరు వినిపించినా వెంటనే ఒడ్డు ఎక్కాలి. శ్రీశైలం ఘాట్ రోడ్డులో రాళ్లు జారిపడే ముప్పు ఉంటుంది, రాత్రి ప్రయాణం మానుకుంటే మంచిది.

అలుగు చూసేవాళ్లు: చేపల కోసం, సెల్ఫీల కోసం అలుగు బండ మీదికి పోవద్దు. నాచు పట్టిన రాయి మీద కాలు నిలవదు.

స్కూళ్లు, హాస్టళ్లు: భవనం వాగు పక్కన ఉంటే రాత్రికి ముందే నిర్ణయం తీసుకోవాలి. చీకట్లో, నీళ్లలో పిల్లలను తరలించడం చాలా కష్టం. అండర్‌పాస్‌లో నీళ్లు ఉంటే బస్సు దించొద్దని డ్రైవర్‌కు ముందే గట్టిగా చెప్పాలి.

ఊరు మొత్తం చేయాల్సింది

వానాకాలం మొదలవక ముందే అలుగు, తూము, వాగు నాలా శుభ్రం చేయించాలి. ఎఫ్‌టీఎల్ లోపల ఇళ్లు, వెంచర్లు వస్తుంటే అప్పుడే అడగాలి. నీళ్లకు పాత దారి గుర్తుంటుంది. 20 ఏళ్లు ఎండిన నాలా అయినా పెద్ద వాన పడ్డ రోజు మళ్లీ అదే దారిలో పారుతుంది. కల్వర్టు కొట్టుకుపోయిన చోట మళ్లీ అదే సైజు తూములు వేస్తే మళ్లీ కొట్టుకుపోతుంది. గ్రామసభలో ఈ విషయం రాయించాలి.

ఎమర్జెన్సీలో ఫోన్ చేయాల్సిన నంబర్లు

• అత్యవసర సాయం, పోలీసులు: 112 లేదా 100
• అంబులెన్స్: 108
• జిల్లా కంట్రోల్ రూమ్: 1077
• రాష్ట్ర కంట్రోల్ రూమ్: 1070

వాన, పిడుగుల సమాచారం కోసం మౌసమ్, దామిని, సచేత్ యాప్‌లు ఫోన్‌లో పెట్టుకోవచ్చు. వాన జోరుగా ఉన్న రాత్రి ఫోన్ ఫుల్ ఛార్జింగ్‌లో ఉంచండి. వాగుకు ఎగువన ఉన్న ఊళ్లో ఒక బంధువుదో, స్నేహితుడిదో నంబర్ ఇప్పుడే సేవ్ చేసుకోండి. నీళ్లు మీ దగ్గరికి రాకముందు వాళ్లకే కనిపిస్తాయి.